వెనక్కి నడిచే తాత

నందిగామ కాలేజీలో చదివేటప్పుడు మమ్మల్ని హైదరాబాదులో ఒక యూనివర్సిటీ చూడడానికి తీసుకెళ్లారు. రాతి కమానుల ఆ భవనమంతా తిప్పి చూపించింది అక్కడి ముసలి అటెండరు. ఆయన మాకెదురుగా తిరిగి, వెనక్కి నడుస్తూ చెప్పేవాడు. మెట్ల దగ్గర కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు.

"తాతా, పడతావ్!" అని మావాళ్లు నవ్వారు.

"నా మొఖంల ఏమున్నదమ్మా, మీద చూడుండ్రి," అన్నాడు.

మేం తలలెత్తి చెక్కిన కప్పును చూశాం. ఆయన మాత్రం, ఎవరూ తూలిపడకుండా, మా కాళ్లనే చూస్తున్నాడు.

ఇప్పుడు జగ్గయ్యపేటలో ఉంటున్నాను. మా బాబుకు ఏడాదిన్నర దాటినా నడక రాలేదు.

"నువ్వు చంక దించితే గదమ్మాయ్ వాడు నడిచేది," అని అత్తయ్య దెప్పుతుంది. నిజమే, పడతాడని నాకు భయం.

ఈరోజు పొద్దున వాణ్ని వసారాలో నిలబెట్టి, చేతులు వదిలి, వాడికెదురుగా వెనక్కి నడిచాను. వాడు నా మొహం చూసి ఏడవబోయాడు.

"నన్ను కాదు నాన్నా, పైన పిచ్చుకను చూడు," అన్నాను.

దూలం మీది పిచ్చుకను చూస్తూ నాలుగడుగులు వేశాడు. వాడి కాళ్లనే చూస్తున్న నేను గడప తగిలి కూలబడ్డాను. వాడు నిలబడే నవ్వాడు.

ఆ తాత ఎన్నిసార్లు పడి ఉంటాడో ఆ రోజు మేమెవరమూ అడగలేదు.