అట్టపెట్టె మీద పేరు

ఆ శుక్రవారం నాకు సెలవు. దోహా పక్కన అల్ ఘర్రాఫాలో నేను పనిచేసే విల్లా నుంచి బస్సెక్కి, ఊళ్ళో మా అమ్మ దగ్గరున్న కూతురికి పంపాల్సిన సామాన్లతో అల్ దోహా అల్ జదీదాలోని కార్గో దుకాణానికి వెళ్ళాను. అక్కడ నేల మీద ఇంకా టేపు వేయని అట్టపెట్టె ఒకటి కనబడింది. నాలుగు పక్కలా మార్కరుతో రాసిన ఆ అక్షరాలు నా మొగుడివి. రాసింది మాత్రం, రాజంపేటలో అతను కాపురం పెట్టిన ఆవిడ పేరు.

ఎంత ముద్దుగా రాశాడో! మా పెళ్ళిపత్రికలో నా పేరు కూడా అంత అందంగా లేదు.

మా పాపకు నెలనెలా మనోవర్తి ఇమ్మని కోర్టు చెప్పి ఏళ్ళయింది. ఒక్క రూపాయి రాలేదు. వారెంటు తెచ్చిన కానిస్టేబులుకు మా అత్త "వాడు దుబాయ్‌లో ఉండాడు సార్, మాతో మాట్లాడేది గూడా లేదు" అని చెప్పి వాకిట్లోంచే పంపేసింది. ఎక్కడి దుబాయ్? మనిషి ఇదే దోహాలో హౌస్ డ్రైవరు. అతను ఇవ్వడు కాబట్టే నేనూ ఇక్కడికి వచ్చి, పరాయి పిల్లలకు తల దువ్వుతున్నాను.

పెట్టె మూత ఎత్తాను. పాలపొడి డబ్బాలు, నడిస్తే వెలిగే బూట్లు, అన్నిటి పైన గులాబీ రంగు గౌను. ఆవిడ మీదకన్నా ఆ గౌను వేసుకోబోయే వాళ్ళ పిల్ల మీద ఎక్కువ కుళ్ళుకున్నాను. పసిపిల్ల మీద ఏడుపేంటని మీరు అనొచ్చు. ఏడ్చాను, అంతే.

"ముట్టకు అక్కా, అది వేరేటోళ్ళది," అన్నాడు దుకాణంలో పనిచేసే కరీంనగర్ తమ్ముడు. ఫోనులో కోర్టు కాగితం చూపించి సంగతంతా చెప్పాను. అతను చదివి, కాసేపు తల గోక్కున్నాడు.

"బిల్లు చీటీ ఇంక రాయలే. తాడు తెస్త. నేనైతే ఏం జూడలే," అని లోపలికి పోయాడు.

మార్కరు బల్ల మీదే ఉంది. నాలుగు పక్కలా ఆవిడ పేరు, అడ్రసు కొట్టేసి నా కూతురి పేరు, మా అమ్మ అడ్రసు రాశాను. కింద ఉన్న పంపినవాడి పేరు మాత్రం అలాగే ఉంచాను. ఇచ్చింది అతనేనని ఊరంతా చూడాలి. తిరుగు బస్సులో, పెట్టె కోసం ఎదురుచూసే ఆవిడ మొహం తలుచుకుని తెగ నవ్వుకున్నాను.

పెట్టె చేరిన రోజు పాప ఫోను చేసింది. గౌను భుజాల దగ్గరే పట్టేసిందట. బూట్లలో కాలు దూరలేదట. గొంతులో మాత్రం సంతోషం పట్టలేకుండా ఉంది.

"నాయన పంపించినాడమ్మా! నేనింకా చిన్నపిల్లనే అనుకున్నెట్టుంది. నా కొలత నువ్వు చెప్పు, ఈసారి సరిపోయేది పంపిస్తాడు."

చెప్తాలే అన్నాను.