అద్దం తుడిచిన ఆకులు

పత్తి పరిశోధన కేంద్రంలో గాజు ఇంటి పని చూసుకునే మనిషిని అందరూ అద్దం అనేవారు. అతను తుడిచిన చోట ముఖం చూసుకోవచ్చని ఎవరో ఒకప్పుడు అన్నారు. అన్నవాడు బదిలీ మీద వెళ్లిపోయాడు. పేరు మాత్రం వెళ్లలేదు. కొత్తగా వచ్చిన పరిశోధక విద్యార్థిని అదే అసలు పేరనుకుని మొదటి రోజు నుంచీ "అద్దంగారూ" అని పిలిచేది. ఆ గౌరవం బాగుండడంతో అతను సరిదిద్దలేదు.

ఇంట్లోనూ అతని తీరు అంతే. ఎవరైనా నీళ్లు తాగి గ్లాసు బల్ల మీద పెట్టేలోపే కింద గుడ్డ పరిచేవాడు. "నేను లేచాక తుడుచుకోండి కుర్చీ, కూర్చుని ఉండగా ఎందుకు?" అని భార్య చాలాసార్లు మొరపెట్టుకుంది. రెండు గదుల ఆ ఇంట్లో గుమ్మం దగ్గర చెప్పులన్నీ ఒకే వైపు తిరిగి ఉండేవి. చుట్టాలు ఎక్కువసేపు కూర్చునేవారు కాదు.

గాజు ఇల్లు పొడుగ్గా ఉంటుంది. తోపుడు బండికి దారి తెలియడం కోసం నేల మధ్యలో ఎవరో పసుపు గీత గీశారు. గీతకు ఇటు సగం అద్దానిది, అటు సగం అతని బావది. బావ అంటే అక్క మొగుడు. ఇద్దరికీ ఒకేచోట ఉద్యోగం దొరికిందని అక్క సంబరపడింది. ఆ సంబరం ఒక బక్కెట్టు దాకా నిలిచింది. బురద బక్కెట్టును కడక్కుండా బావ ఇటు వైపు పెట్టాడు. బురద మొక్కలకు మంచిదేనని అతని వాదన. మాటకు మాట పెరిగి, నీ సగంలో నేను వేలు పెట్టను, నా సగంలో నువ్వు కాలు పెట్టకు అన్న దగ్గర ఆగింది. అప్పటినుంచీ అక్కడ మంచి శాంతి ఉంది.

ఆ శాంతి మధ్యలోకి పరిశోధకురాలు తన కుండీలతో వచ్చింది. పత్తి ఆకును తిరగేసి చూస్తే నడిమి ఈనె మీద చిన్న గుంట ఒకటి కనిపిస్తుంది. అందులో తియ్యటి రసం చుక్కగా ఊరుతుంది. దాని కోసం చీమలు వస్తాయి, పంటను తినే పురుగులూ వస్తాయి. ఆకులో తయారైన చక్కెరను ఆ గుంటలోకి పంపేది ఫలానా జన్యువేనని ఆమె గైడు అనుమానం. ఆ జన్యువు పని చేయకుండా ఆపిన మొక్కలను ఆమె పెంచుతోంది. చుక్క ఊరకపోతే పురుగులకు పిలుపు అందదు. బయటికి పోయే చక్కెర కాయకు చేరితే ఇంకా మంచిది. తేలితే ఆమెకు డాక్టరేటు పట్టా వస్తుంది.

జన్యువు ఆపిన మొక్కలు అద్దం సగంలోకీ, పోల్చి చూడటానికి తెచ్చిన మామూలు మొక్కలు బావ సగంలోకీ వెళ్లాయి. ఇందులో శాస్త్రం ఏమీ లేదు. రెండు రకాలూ కలిపి పెట్టాలని ఆమెకు తెలుసు. కానీ ఇద్దరు పెద్దమనుషుల ముఖాలూ చూసి, అడగడానికి నోరు రాలేదు.

మొక్కలు చేరిన మర్నాడు అద్దం ఒక ఆకు తిరగేసి చూసి నొచ్చుకున్నాడు. తన సగంలో జిడ్డు! మెత్తటి గుడ్డ తడిపి, చంటిపిల్ల గడ్డం ఎత్తి మూతి తుడిచినట్టు, ఒక్కో ఆకునూ ఎత్తి తుడిచాడు. ఇక అది రోజూ పని అయింది. పరిశోధకురాలు వచ్చే వేళకు ఆకులన్నీ శుభ్రంగా ఉండేవి. ఇంటికొచ్చిన వాళ్లతో ఇల్లు ఊడ్చామని ఎవరూ చెప్పరు. అతనూ చెప్పలేదు.

ఆమె వెంట్రుకంత సన్నటి గాజు గొట్టం పట్టుకుని వచ్చేది. ఇటు ఆకుల కింద ఏమీ ఉండేది కాదు. అటు వైపు చుక్కలే చుక్కలు.

"నా వైపు చీమలు కాపురాలు పెట్టాయిరా," అని బావ గీత అవతలి నుంచి గాలితో చెప్పినట్టు చెప్పేవాడు. "నీ వైపు ఒక్కటీ రాదేం? నీ ముఖం చూసి జడుసుకుంటున్నాయా?"

"శుభ్రంగా ఉండే చోటికి అవి రావు," అని అద్దం తలుపుతో అనేవాడు.

పరిశోధకురాలి ముఖం రోజురోజుకీ వెలిగిపోతోంది. వచ్చే వారం గైడుతో పాటు పరీక్షకులు వచ్చి మొక్కలు చూస్తారనగా ఆమె అద్దం దగ్గరికి వచ్చింది.

"అద్దంగారూ, నేను చెప్పబోయేది ఒకసారి వింటారా? మనుషుల ముందు నాకు గొంతు పెగలదు."

"నేనూ మనిషినే కదా మేడమ్."

"మీరు పర్లేదండీ."

అది పొగడ్తో కాదో తేల్చుకోలేక అతను స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ఒక ఆకును తిరగేసి చూపించింది. "చూడండి, ఎంత పొడిగా ఉందో. ఇన్నాళ్లలో ఒక్క చుక్క ఊరలేదు. ఇంత పూర్తిగా ఆగిపోతుందని మా సారు కూడా అనుకోలేదు."

అద్దం జేబులో గుడ్డ ఇంకా తడిగానే ఉంది.

"చుక్క అంటే... ఎలాంటి చుక్క మేడమ్?"

"తియ్యగా, జిగురుగా ఉంటుంది. మీ బావగారి వైపు చూళ్లేదా?"

"అటు నేను చూడను మేడమ్," అన్నాడు అద్దం. అరచేత్తో జేబు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం సంగతంతా విని, భార్య టీ గ్లాసు కింద పెట్టింది. అతను గుడ్డ వేయలేదు. దాంతో ఆమెకు విషయం ఎంత పెద్దదో అర్థమైంది.

"అయితే ఆ పిల్ల కనిపెట్టింది మీ గుడ్డనన్నమాట."

"చెబితే పాపం, పడ్డ కష్టమంతా మట్టికొట్టుకుపోతుంది. పట్టా ఆగిపోతుంది. పైగా బావ చచ్చేదాకా నవ్వుతాడు. నోరు మూసుకుంటే సరిపోదా?"

"సరిపోతుంది. రేపు ఆ విత్తనం పొలాలకు పోతుంది. అక్కడి ఆకులు తుడవడానికి మీరే వెళ్లండి."

మర్నాడు అతను ఆకులు తుడవలేదు. చేతులు ఊరుకోకపోతే తాళం తుడిచాడు, తాళంచెవి తుడిచాడు, చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. చుక్కలు ఊరకపోతే బాగుండు, తను తుడిచింది వట్టి దుమ్మే అయ్యుంటే బాగుండు అనుకున్నాడు. గాజు మీదికి ఎండ వచ్చింది. లేచి వంగి చూశాడు. ఆకు కింద మెరుస్తోంది. ఒక చీమ పసుపు గీత దాకా వచ్చి, మీసాలు ఆడించి, గీత దాటింది.

పరిశోధకురాలు వచ్చి మొదటి ఆకు తిరగేసింది. రెండోది తిరగేసింది.

"అద్దంగారూ, ఇదేంటండీ?"

అతను జేబులోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. "రోజూ నేనే తుడిచేస్తున్నాను మేడమ్. మీరొచ్చే ముందు."

"రోజూనా?"

"సెలవు రోజుల్లో కూడా వచ్చి," అన్నాడు. గర్వం అలవాటు కొద్దీ బయటపడింది.

గీతకు అవతల బావ ఆ బురద బక్కెట్టునే బోర్లించి, దాని మీద కూలబడి నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు. పరిశోధకురాలు నవ్వలేదు. కళ్లద్దాలు తీసి, తుడుచుకోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూసింది. అద్దం గుడ్డ అందించబోయి ఆగిపోయాడు.

కాసేపటికి ఆమె కొంగుతోనే తుడుచుకుని, గాజు గొట్టం తీసి, ఇటూ అటూ చుక్కలు కొలిచింది. ఇటువి చిన్నవిగా ఉన్నాయి. కానీ ఆ తేడా జన్యువుదో, ఇటు వైపు పడే నీడదో, రోజూ పడ్డ తడిగుడ్డదో చెప్పడానికి లేదు. గైడుకు ఫోను చేసింది. ఆయన అన్న మాటలు గాజు ఇల్లంతా వినిపించాయి. పరీక్షకుల రాక వాయిదా పడింది.

ఫోను పెట్టేశాక ఆమె ఇద్దరి వైపూ తిరిగింది. "కుండీలు కలిపేయాలి. రెండు వైపులా రెండు రకాలూ ఉండాలి. ఏది ఏదో మీకు చెప్పను. ఆకుల మీద ఎవరూ చెయ్యి వేయకూడదు."

"అంటే నా సగంలో వీడి మొక్కలా?" అన్నాడు బావ.

"మొక్కలు నావండీ," అంది ఆమె. ఇద్దరూ ఆమెను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశారు.

కుండీలు గీత దాటాయి. "అడుగున మట్టి తుడవొచ్చా మేడమ్?" అని అద్దం అడిగాడు. అడుగు ఒక్కటే అని ఆమె ఒప్పుకుంది. బావ వైపు వెళ్లేవాటి అడుగులూ అతనే తుడిచాడు. బావ చూసి ఊరుకున్నాడు.

పత్తి కాయ కట్టే నాటికి సంగతి తేలింది. జన్యువు ఆపిన మొక్కలు ఏ వైపున్నా వాటికి చుక్క తక్కువగానే ఊరుతోంది. అయితే ఊరుతోంది. చక్కెరకు ఆ గుంటలోకి ఇంకో దారి కూడా ఉండి ఉండాలని గైడు అన్నాడు. దాన్ని వెతకాలంటే పట్టా ఇంకాస్త ఆలస్యం. పరీక్షకులు వచ్చిన రోజు ఆమె గొంతు మొదట వణికింది, తర్వాత కుదురుకుంది.

"ఈ ఆకుల్ని ఎవరూ ముట్టుకోరు కదా?" అని ఒకాయన అడిగాడు.

"ఇప్పుడు ముట్టుకోరండీ," అంది ఆమె.

అద్దం చేతులు వెనక్కి కట్టుకుని, పక్క ఆకు కింద చీమల వరసను చూస్తూ నిలబడ్డాడు. అందరూ బయటికి వెళ్లాక బావ బురద బక్కెట్టును కాలితో గీత దాకా నెట్టాడు.

"దీన్ని ఎవరూ కొలవర్లే," అన్నాడు. "కానీయ్, తుడుచుకో."