రెండు సున్నాలకు తలకట్టు

మా కాక, అంటే మా బాపు తమ్ముడు, ఆర్మూర్‌లో బోర్డులు రాసేవాడు. పసుపు మార్కెట్ గోడ మీద ఆయన రాసిన "పొగ త్రాగరాదు" ఇప్పటికీ ఉంది. హమాలీలు దాని కిందే కూచొని బీడీలు తాగుతారు, నీడ బాగుంటుందని. ఫ్లెక్సీలు వచ్చి పని పోయాక కాక దుబాయి పోయి, ఆరేళ్లు రోడ్లు పగలగొట్టే మిషను పట్టాడు. తర్వాత నేను పనిచేసే కంపాలా గోదాంకే వచ్చాడు. అక్కడ ఆయన పని మసాలా బస్తాల మీద అక్షరాలు కోసిన అచ్చురేకు పెట్టి స్పాంజితో రంగు అద్దడం. ఆర్టిస్టు కోటాలో వచ్చాడని అందరికీ నేనే పరిచయం చేసేవాణ్ణి. కాక నవ్వేవాడు. నవ్వాడు కదా అని రోజూ అదే అనేవాణ్ణి.

ఆదివారాలు ఇద్దరం ఊరు చూడబోయేవాళ్లం. మ్యూజియంలో చెట్టు బెరడును బాది బాది చేసిన బట్ట ఉంది, మనిషెత్తు డోళ్లున్నాయి. నేను డోలు పక్కన సెల్ఫీ దిగి పోదాం పదమనేవాణ్ణి. కాక సొరకాయ బుర్రల దగ్గర ఆగేవాడు. వాటి మీద చెక్కిన గీతల వెంట గాలిలో వేలు పోనిచ్చేవాడు. ఓ గ్యాలరీలో పెద్ద బొమ్మ ముందు వంగి కింది మూలంతా వెతికాడు. ఏమిటని అడిగితే గీసినవాడి సెల్ నంబరు లేదన్నాడు.

"ఇంత మంచిగ గీసిండు. మల్ల పని ఎట్ల దొర్కుతది గాయనకు?"

నిజంగానే ఫికర్ పడ్డాడు. అక్కడి కావలి మనిషికి ఇంగ్లీషులో చెప్పి చూశాను. అతనూ ఆలోచనలో పడ్డాడు.

బయటి సందుల్లో మంగలి దుకాణాల బోర్డులన్నీ చేత్తో రాసినవే. కాక నడిరోడ్డు మీద ఆగిపోయాడు. హారన్లు మోగుతున్నా కదలడే. తిరిగి వస్తూ బస్సులో తన లెక్క చెప్పాడు. మన దిక్కు బండ్ల నంబర్లు, గుడి గోడలు ఇంకా చేత్తోనే రాస్తున్నారట. చెయ్యి పనిచేస్తే ఇంటికి పోతాడట. ఆ మిషను పట్టినప్పటి నుంచి ఆయన వేళ్లు వణికేవి. చాయ్ గ్లాసు ఎప్పుడూ సగమే పోయించుకునేవాడు. ఇద్దరం ఆ సంగతి ఎత్తేవాళ్లం కాదు. దుబాయి పోయినప్పటి నుంచి ఆయన కుంచె పట్టలేదు.

మరుసటి ఆదివారం, బోర్డు వెలిసిపోయిన ఓ మంగలిని నేనే ఒప్పించాను. మా కాక పైసలు తీసుకోకుండా ఉత్తగనే రాస్తాడని చెప్పాను. అక్కడా మన లెక్కనే సెలూన్ అంటారు, రెండు 'ఓ'లు పెట్టి రాస్తారు. కాక కుంచెను బొటనవేలి గోరు మీద ఆనించి చూసుకుని మొదలుపెట్టాడు. మొదటి అక్షరం జక్రాన్‌పల్లి బస్సులో నిలబడి రాసినట్టు వచ్చింది. రెండోది ఒరిగింది. మూడోది రెండు పుల్లలే, ఆ రెండూ కలవలేదు. తర్వాత రెండు సున్నాలు. చుట్టి ఆపకుండా, టక్కున రెండింటి మీదా తలకట్టు కొట్టాడు. ఇంగ్లీషు సెలూన్‌లో తెలుగు 'ర'లు రెండు వచ్చి కూచున్నాయి.

ఆ రెండు తలకట్లు మాత్రం వణకలేదు.

మంగలి ఆ కొమ్ములేమిటని అడిగాడు. వెంట్రుకల దుకాణం కదా, అక్షరాలకు క్రాఫు పెట్టాడన్నాను. అతను పడీ పడీ నవ్వాడు. మిగతా అక్షరాలకూ పెట్టమన్నాడు. నేనూ నవ్వుతూ కాక దిక్కు తిరిగాను.

"నేను పెట్టలేదురా," అన్నాడు కాక. "చెయ్యే పెట్టుకుంది. నా మాట ఇంటలేదు."

కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చివరి అక్షరం రాశాడు. మంగలి తడి ఆరకముందే బోర్డు ఎక్కించాడు. దించుమని చెప్పరా అన్నాడు కాక. చెప్పాను. అంత మంచి బోర్డు ఎందుకు దించాలన్నాడు మంగలి. ఆ మాట కాకకు తెలుగులో చెబితే ఎగతాళిలా ఉంటుందని చెప్పలేదు.

ఆ పై ఆదివారం బుట్టలల్లేవాళ్ల బజారు చూడాలని ముందే అనుకున్నాం. నేను బూట్లు వేసుకుని నిలబడ్డాను.

"నువ్వు పోయి సూసి రా బిడ్డ," అన్నాడు. "నేను బట్టలు పిండుకుంట."

ఆర్టిస్టు కోటా మాట నోటిదాకా వచ్చింది. మింగేసి బూట్లు విప్పాను. బకెట్లో ఉన్నవి రెండు అంగీలే. మధ్యాహ్నం దాకా పిండుతూనే ఉన్నాడు.