ఏ ఊరి గర్భిణి

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, డిగ్రీ పూర్తయి ఉద్యోగం దొరకని రోజుల్లో, నేను గర్భిణుల సర్వేలో చేరాను. ఎంతమందికి నెలనెలా పరీక్షలు అందుతున్నాయి, అందనివాళ్లకు ఎందుకు అందడం లేదు అన్నది మేం కనిపెట్టాలి. ఏలూరులో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. అందులో గట్టిగా నూరిపోసింది ఒక్కటే: ఆరు నెలలుగా ఆ ఊళ్లో ఉంటున్నవాళ్లనే రాయాలి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లను రాయకూడదు. తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి పంపుతారని ఆ ప్రశ్నలు తయారుచేసిన పెద్దలకు ఎవరూ చెప్పినట్టు లేదు. నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. శిక్షణలో ఫస్టు వచ్చాను మరి.

మొదట అత్తిలి దగ్గర ఒక ఊరు రాశాను. ఒకింట్లో అత్తగారు, "కోడలు పురిటికి పుట్టింటికెళ్లిందండి, కొల్లేటికి" అంది. ఊళ్లో లేదు కనుక ఆ పేరు కొట్టేశాను. పది రోజుల తర్వాత పడవ దిగి ఒక కొల్లేటి లంకలో అడుగుపెడితే, ఆ కోడలే అరుగు మీద కూర్చుని ఉంది. అత్తవారి ఊరు చెప్పగానే పోల్చుకున్నాను. ఎనిమిదో నెల. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి.

"తలపోటుగా ఉంటుందండి. కళ్లు మసకలు కమ్ముతున్నాయి" అంది.

నర్సు రాలేదా అని అడిగాను. "వచ్చారండి. కార్డు అత్తారి ఊళ్లో ఉందిగా, అక్కడే చూపించుకోమన్నారు" అని వాళ్లమ్మ చెప్పింది. రెంటికీ చెడ్డ రేవడి అయిందా పిల్ల.

నేనేం చేశాను? చుట్టపుచూపు కనుక ఫారం మూసి పక్కింటికి వెళ్లాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పక్కింట్లో గర్భిణులు లేరు. ఆ పై ఇంట్లోనూ లేరు. లేనివాళ్లందరినీ అంత శ్రద్ధగా రాస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండింది. వెనక్కి వచ్చి, తల్లీకూతుళ్లను పడవెక్కించి ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు బీపీ చూసి, ఇంకొక్క రోజు ఆగితే ఇద్దరూ దక్కేవారు కాదని, ఎదురుగా ఉన్నాను కనుక నన్నే తిట్టి, వెంటనే చేర్చమన్నారు.

తల్లీబిడ్డా దక్కారు కాబట్టి, ఆస్పత్రిలో చేర్చుకునేముందు వివరాలు రాసుకునే గుమాస్తా దగ్గర జరిగింది ఇప్పుడు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. ఏ ఊరని అడిగాడాయన. ఆ పిల్ల వాళ్లమ్మ లంక పేరు చెప్పింది. నేను అలవాటు కొద్దీ, "కాదండీ, నివాసం అత్తిలి వైపు" అన్నాను.

"రెండూళ్లు రాయడానికి గడి లేదండి. ఒకటి తేల్చుకోండి."

మేం తేల్చుకుంటూనే ఉన్నాం. బల్ల పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల మెల్లగా అంది:

"ఎక్కడో ఓచోట రాసుకోండి బాబూ. ముందు నన్ను పడుకోబెట్టండి."