అమావాస్య పొద్దుటి పోటు

మా వంటగది తలుపు వెనక తిథులున్న క్యాలెండరు ఒకటి వేలాడుతూ ఉంటుంది. మా సంఘం అక్కలు ప్రార్థనకి వచ్చినప్పుడు దాన్ని చూసి మూతి ముడుస్తారు. టీచరమ్మ ఈ వయసులో వర్జ్యాలు, రాహుకాలాలు చూడటం మొదలుపెట్టిందని వాళ్ళ అనుమానం. వర్జ్యంతో నాకేం పని? అష్టమి ఎప్పుడు, అమావాస్య ఎప్పుడు, అంతవరకే చూస్తాను. ఆ రెండూ వేరొకరు చూసి చెబితే నమ్మే రోజులు నాకు పోయాయి.

తొంభైల్లో నేను రాజోలు వైపు ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన మస్కట్‌లో ఉండేవారు. పిల్లల్ని మా అమ్మ చూసుకునేది. అమలాపురంలో జువాలజీ చెప్పే లెక్చరర్ గారు ఒకరు మా స్కూలుకి వచ్చి, గోడకి తెల్ల దుప్పటి కట్టించి, పక్షుల బొమ్మలు చూపించారు. ఏటా చలికాలంలో మన కాలవల్లో, మడ అడవుల్లో పక్షుల్ని లెక్కపెడతామని, జీతం భత్యం ఏమీ ఉండవని, ఇష్టమున్నవాళ్ళు రావచ్చని అన్నారు. స్టాఫ్ రూములో అందరూ నవ్వుకున్నారు. కొంగల్ని లెక్కపెట్టడానికి డిగ్రీలెందుకని హిందీ మాస్టారు అడిగారు. ఆ నవ్వుల మీద మంటతోనే నేను చెయ్యెత్తాను.

సముద్రానికి దగ్గరగా, కాలవ వచ్చి కలిసే చోట ఒక పర్ర ఉండేది. పర్ర అంటే ఉప్పునీరు ఎక్కి దిగే చవిటినేల. ఓ పక్క మడచెట్లు, ఓ పక్క గట్టు, మధ్యలో బురద. పంట పండదు, కొబ్బరి మొక్క బతకదు, ఊళ్ళో వాళ్ళకి దాని పేరెత్తితేనే చిరాకు. మొదటిసారి ఆ గట్టు మీద నిలబడి చూసినప్పుడు నాకూ బురద తప్ప ఏమీ కనపడలేదు. లెక్చరర్ గారు బైనాక్యులర్ నా చేతికిచ్చి, కాసేపు మాట్లాడకుండా చూడమన్నారు. చూడగా చూడగా బురద కదిలింది. ఆ మట్టిరంగంతా పిట్టలే. ఒంపు ముక్కుల పెద్ద ఉల్లంకులు, కాళ్ళ మీద పరుగులు తీసే చిన్న ఉల్లంకులు, ఒక మూల కదలకుండా నారాయణ పక్షి. ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో మా ఊరి బురద వెతుక్కుంటూ వచ్చాయట. ఆ రోజు స్కూలుకి వెళ్ళి పాఠం చెబుతున్నా నా మనసు అక్కడే ఉంది.

ఆయన నాకు నేర్పినవి రెండు. ఒకటి, పాటు వేళకే వెళ్ళాలి. నీరు దిగి బురద తేలితేనే పిట్టలు మేతకి దిగుతాయి. పోటు వేళకి వెళ్తే నీళ్ళు తప్ప ఏమీ ఉండవు, అవన్నీ ఎక్కడో దూరంగా ఇసుక మేటల మీద కూర్చుంటాయి. పోటూ పాటూ వేళలు తిథిని బట్టి మారతాయి కనుక, ఏ రోజు పాటు ఏ వేళకో ఆయన పంచాంగం చూసి లెక్కగట్టేవారు. మాది క్రైస్తవ కుటుంబం. మా గోడ మీద ఉండేది చర్చి క్యాలెండరు, అందులో వాక్యం ఉంటుంది గానీ తిథి ఉండదు. నేను నేర్చుకుంటానంటే ఆయన నవ్వి, ఆ బాదరబందీ నీకెందుకు, నేనున్నానుగా అన్నారు. మా సందు చివర కొట్టుకి ఫోన్ చేసి, రేపు అష్టమి, పొద్దున్నే రమ్మని కబురు పెట్టేవారు. నేను తయారు. ఒక్కోసారి అది ఆదివారం పడేది. ఆరాధన మానేసి పిట్టల వెనక పోతున్నానని మా అమ్మ రెండు రోజులు మాట్లాడేది కాదు.

రెండోది, కళ్ళ ముందున్నదే చెప్పాలి. ఒకసారి ఉల్లంకులు తక్కువగా కనపడ్డాయి. కిందటిసారి బోలెడున్నాయి కదండీ, అవి ఎక్కడికి పోతాయి, కలిపేద్దాం అన్నాను. ఆయనకి చాలా కోపం వచ్చింది.

"కిందటిసారివి కిందటిసారే అయిపోయేయి. ఇప్పుడు కనపడుతున్నదే చెప్పాలమ్మాయీ. లేకపోతే మనం లెక్కపెట్టేవాళ్ళం కాదు, కథలు చెప్పేవాళ్ళం" అన్నారు.

నేను సిగ్గుపడ్డాను. తరవాత ఆ మాట మా స్కూల్లో ల్యాబులో ఎన్నిసార్లు వాడుకున్నానో.

అమ్మాయీ అని పిలిచేవారు. బాబాయి గారు అనమని ఆయనే అన్నారు. ఆయన వాళ్ళవాళ్ళలో కొందరు మా పేటకి వచ్చినా గుమ్మం దాటి లోపలికి వచ్చేవారు కాదు. ఈయన మా వంటింట్లో పీట మీద కూర్చుని మా అమ్మ చేతి కాఫీ అడిగి తాగేవారు. మా నాన్న పోయాక ఆ ఇంట్లో అలా కూర్చున్న పెద్దమనిషి ఆయనే. నేను ఆయన్ని ఎంత నమ్మానో చెప్పడానికి ఇంతకంటే నాకు చేతకాదు.

ఆ రోజుల్లోనే రొయ్య వచ్చింది. వరిచేలు తవ్వేశారు, కొబ్బరితోటలు కొట్టేశారు, ఎవరి నోట విన్నా చెరువుల మాటే. నిన్నటిదాకా పర్రని తిట్టుకున్నవాళ్ళే అది ఎవరికి లీజుకిస్తారని ఆరా తీయడం మొదలుపెట్టారు. నాకు గుండెల్లో రాయి పడింది. దాన్ని పక్షుల కోసం వదిలేసి, కాపాడే స్థలంగా ప్రకటించమని అర్జీ పెడదామన్నాను. బాబాయి గారు సరేనన్నారు. సంతకాలు పెట్టించడానికి, చదువు రానివాళ్ళ చేత వేలిముద్రలు వేయించడానికి నేను ఇల్లిల్లూ తిరిగాను. పిట్టల కోసం మా పొట్ట కొడతావా అని ఒకావిడ నా మొహానే తలుపేసింది. అయినా తిరిగాను.

చివరికి ఆఫీసర్లు వచ్చి స్వయంగా చూస్తారని కబురొచ్చింది. చూసినప్పుడు అక్కడ పక్షులుంటే పర్ర పర్రలా ఉంటుంది. లేకపోతే చెరువులకి ఇచ్చేస్తారు. ఆ ఒక్క రోజు మీదే అంతా. రోజు ఖాయం చేసుకునే పని బాబాయి గారు చూసుకుంటానన్నారు. నాకంటే ఆయనకే బాగా తెలుసు కదా అని నిశ్చింతగా ఉన్నాను.

కొట్టుకి ఫోన్ వచ్చింది. రేపు పొద్దున్న తొమ్మిదింటికి రమ్మన్నారు. ఎప్పుడూ తెల్లారుతూనే వెళ్ళే మేము తొమ్మిదింటికేమిటి అనుకున్నాను గానీ, ఆఫీసర్లు కదా, తెల్లారగట్ల లేస్తారా అని సర్దిచెప్పుకున్నాను. మంచి వాయిలు చీర కట్టుకున్నాను. మా అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పిట్టల కోసం ఆవిడ ప్రార్థన చేయడం అదే మొదలు, అదే ఆఖరు.

గట్టు ఎక్కి చూశాను. బురద లేదు. మడచెట్ల కొమ్మల దాకా నీళ్ళు. చెరువులా నిండుగా, ఎండకి మెరుస్తూ ఉంది. ఒక్క పిట్ట లేదు. గట్టు మీద షామియానా వేసి కుర్చీలు వేశారు. జీపులో వచ్చిన ఆఫీసర్లు కొబ్బరిబొండాలు తాగుతున్నారు. బాబాయి గారు వాళ్ళ పక్కన నిలబడి ఉన్నారు. ముందు ఆయన మీద జాలి వేసింది నాకు. వాళ్ళకి వీలైన రోజు వాళ్ళు పెట్టుకుని ఉంటారు, పాపం ఈయనేం చేస్తారు అనుకున్నాను. నేనే ముందుకెళ్ళి పెద్దాఫీసరుతో చెప్పాను. ఇప్పుడు పోటు మీద ఉందండీ, మధ్యాహ్నానికి నీరు దిగిపోతుంది, అప్పుడు చూడండి, ఈ నేలంతా పిట్టలతో నిండిపోతుంది అని. ఆ ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. ఆగుదామా అన్నట్టు బాబాయి గారి వైపు చూశారు.

బాబాయి గారు నా వైపు తిరిగారు.

"మేడమ్, కళ్ళ ముందున్నదే చెప్పాలి కదండీ. మనం ఇన్నేళ్ళూ అలాగే చేసేం. ఇప్పుడిక్కడ ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి."

మేడమ్ అన్నారు. ఎప్పుడూ అమ్మాయీ అనే మనిషి మేడమ్ అన్నారు, అండీ అన్నారు. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. నాకు అబద్ధం ఆడటం ఆయన నేర్పలేదు.

"ఇప్పుడు లేవండి" అన్నాను.

ఆఫీసరు తల పంకించారు. ఆ సంగతి అక్కడితో అయిపోయింది. తరవాత నేను పాటు గురించి ఎంత చెప్పినా, ఆయ్ ఆయ్ మేడమ్ అంటూనే చేతిగడియారం చూసుకున్నారు. ఆ ఆఫీసర్నీ అనడానికి లేదు. ఇన్నేళ్ళుగా లెక్కపెడుతున్న ఇద్దరూ ఒకే మాట చెబితే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

ఇంతలో తెల్లచొక్కా కుర్రాడొకడు వచ్చి, మావయ్య గారూ, భోజనాలు సిద్ధమండీ అన్నాడు బాబాయి గారితో. ఆయన భార్య తమ్ముడి కొడుకట. చెరువులు తవ్వించబోయేది అతనే. తాటిచెట్ల వెనక తవ్వే మిషను అప్పటికే తెచ్చి పెట్టుకున్నాడు. నాకూ బొండాం అందించాడు, చాలా మర్యాదగా.

"మా నాన్న గారు అమావాస్య పూట వద్దన్నారండీ, పని చెడుతుందని. మావయ్య గారే ఈ రోజు తప్ప పనికిరాదని పట్టుబట్టేరు" అన్నాడు సంబరంగా.

బొండాం చేతిలోనే ఉండిపోయింది. అమావాస్య. అష్టమి పొద్దున్న పాటు, అమావాస్య పొద్దున్న పోటు. పంచాంగం చూసి నాకోసం ఇన్నేళ్ళు పాటు వేళ వెతికిన మనిషి, అదే పంచాంగం చూసి పోటు వేళ వెతికాడు. ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ కుర్రాడికి పోటు సంగతి తెలిసే అవకాశమే లేదు. తెలిసింది ఒక్కరికే.

నేను భోజనానికి వెళ్ళలేదు. గట్టు మీదే కూర్చున్నాను. ఎండ నెత్తి మీదకి వచ్చి దాటింది. నీరు ముందు మడచెట్ల కొమ్మలు వదిలింది, తరవాత వేళ్ళు వదిలింది. గట్టు అంచున తడి మట్టి తేలింది. ముందు చిన్నవి నాలుగు దిగాయి. తరవాత గుంపులు గుంపులుగా, సముద్రం వైపు నుంచి, ఎవరో పిలిచినట్టు వచ్చి దిగాయి. నాకు ఏడుపు రాలేదు. పిచ్చిదానిలా లేచి షామియానా దాకా పరిగెత్తాను, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని. జీపు వెళ్ళిపోయింది. బాబాయి గారు ఒక్కరే కుర్చీలో కూర్చుని వక్కపలుకులు నములుతున్నారు.

"పిట్టలన్నీ దిగేయండి బాబాయి గారూ. ఒక్కసారి వచ్చి చూడండి" అన్నాను. అప్పటికీ అలాగే పిలిచాను.

ఆయన లేవలేదు.

"చూడక్కర్లేదమ్మాయీ. దిగుతాయని నాకు తెలుసు" అన్నారు.

మిషను మర్నాడే దిగింది. మడచెట్లు పడ్డాయి, పర్ర ముక్కలు ముక్కలై చెరువులయింది. కొన్నేళ్ళు రొయ్య పండింది. తరవాత తెగులొచ్చి పోయింది, చెరువులు పాడుబడ్డాయి. చుట్టుపక్కల నూతుల్లో నీళ్ళు ఉప్పెక్కాయి. ఇప్పుడక్కడికి పోటూ రాదు, పాటూ లేదు, గట్లు అడ్డం. ఉల్లంకులు రావు. నేను ఆయనతో మళ్ళీ లెక్కకి వెళ్ళలేదు. ఆయన మాత్రం ప్రతి చలికాలం వేరే వేరే చోట్లకి వెళ్తూనే ఉన్నారు. పేపర్లో ఫొటో పడేది, మెడలో బైనాక్యులర్‌తో. ఆ పేపరు మీద నేను చేపలు శుభ్రం చేసుకునేదాన్ని.

రెండువేలు దాటాక, ఆయన రిటైరయ్యాక, అమలాపురంలో సన్మానం పెట్టారు. పక్షి ప్రేమికుడని పెద్ద బ్యానరు కట్టారు. మొదటి శిష్యురాలిగా రెండు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. వెళ్ళకూడదనుకున్నాను. తరవాత, వెళ్ళి నలుగురి ముందూ అనేయాలనుకున్నాను. బస్సులో కూర్చుని అనాల్సినవన్నీ వరసగా పేర్చుకున్నాను. సార్ అనే అనాలి, బాబాయి గారు అనకూడదు అని కూడా అనుకున్నాను.

మైకు ముందు నిలబడితే, మొదటి వరసలో వాళ్ళావిడ కనపడ్డారు. ఎన్ని పూటలు నాకు అన్నం పెట్టారో ఆవిడ. పేర్చుకున్నవన్నీ చెదిరిపోయాయి. ఒక్కటే మిగిలింది.

"పర్ర మీదకి పోటు ఎప్పుడొస్తుందో, అక్కడ ఒక్క పిట్ట కూడా కనపడని వేళ ఏదో, బాబాయి గారికి తెలిసినంత ఈ సీమలో ఎవరికీ తెలీదండీ. అది నేను నా కళ్ళతో చూసేను" అన్నాను.

హాలంతా చప్పట్లు. ఆవిడ కళ్ళు తుడుచుకుని మరీ కొట్టారు. ఆయనకి మాత్రం తగిలింది. ముఖం పాలిపోవడం నేను చూశాను. ఇన్నేళ్ళకి నాది పైచెయ్యి అయిందనుకున్నాను. ఆ క్షణం హాయిగానే ఉంది, ఎందుకు దాచాలి?

వేదిక దిగబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"బాగా చెప్పేవమ్మాయీ. ఉన్నదే చెప్పేవు" అన్నారు మెల్లగా. అందులో వెటకారం లేదు. మొదటిసారి ఉల్లంకిని సరిగ్గా గుర్తుపట్టినప్పుడు నన్ను మెచ్చుకున్న గొంతు అది.

నేను "ఆయ్" అన్నాను. అలవాటు కొద్దీ, తల వంచుకుని, మంచి పిల్లలా. బస్సెక్కాక, టికెట్టు ఎక్కడికని కండక్టరు అడుగుతుంటే గానీ నాకు తెలివి రాలేదు. ఆయన అన్యాయం ఆయన ముఖం మీద చెబితే, దానికీ ఆయనే మార్కులు వేశారు, నేనూ పుచ్చుకుని వచ్చాను.