టూల్‌ను ఏ ఫోల్డర్‌లో తెరిచాను

సిద్దిపేటలో మా చిప్ డిజైన్ ఆఫీసు చిన్నది. పదకొండు మందిమి, నేను టీమ్ లీడ్‌ని. పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక మళ్లీ ఉద్యోగంలో చేరిన ఒకామె రోజూ హుస్నాబాద్ నుంచి బస్సులో వచ్చేది. ఆర్నెల్లు చూసి ఖాయం చేస్తామన్నారు. అది నా మాట మీదే ఉంది.

చిప్‌లో సంకేతాలు సమయానికి చేరుతున్నాయో లేదో చూసే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, ఆమె రాసింది. ఆమె నడిపితే అంతా సవ్యం. నేను నడిపితే సంకేతాలు ఆలస్యమని రిపోర్టు నిండా తప్పులు. స్క్రిప్టు ఒకటే, డిజైన్ ఒకటే, దాన్ని నడిపే టూల్ ఒకటే. నాకు తలా తోకా తెలియలేదు.

"నా దగ్గర మంచిగనే వస్తుంది సార్. ఒక్కసారి నా సీటు కాడికి వచ్చి చూడున్రి," అంది.

"చిప్పుతోని నీ సీటు గూడ అమ్మాల్నా ఏంది?" అన్నాను.

పక్క సీటాయన అందుకున్నాడు. "హుస్నాబాద్‌ల నడుస్తది, సిద్దిపేటల దిగంగనే ఆగుతది. గది స్క్రిప్టా, డొక్కు బస్సా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "టూల్ ఎక్కడన్న ఆగి ఎర్రర్ ఇస్తే గదా తెలిసేది, ఎర్రరే వస్తలేదాయె," అని ఆమె తనలో తాను అనుకుంది.

ఈమె పని నమ్మేటట్టు లేదని హైదరాబాద్ ఆఫీసుకు మెయిల్ పెట్టాను. ఆమెను ఖాయం చేయలేదు.

తర్వాత ఇంకొకరి స్క్రిప్టు కూడా నా దగ్గరే తప్పింది. అప్పుడు వెతికాను. ఆమె స్క్రిప్టు, చిప్ ఎంత వేగంతో నడవాలో చెప్పే క్లాక్ ఫైలును పూర్తి దారి చెప్పి పిలవదు. ఒక మెట్టు పైకెక్కి పక్క ఫోల్డర్‌లో చూడమంటుంది. టూల్ ఆ మెట్టును స్క్రిప్టు ఉన్న చోటి నుంచి కాక, తనను తెరిచిన చోటి నుంచి లెక్కపెడుతుంది. నాకేమో పొద్దున రాగానే నా పాత ప్రాజెక్టు ఫోల్డర్‌లో టూల్ తెరిచి, ఎవరి స్క్రిప్టునైనా అక్కడి నుంచే నడిపే అలవాటు. ఆ ఫోల్డర్ పక్కన కూడా అదే పేరు ఫోల్డర్‌లో, అదే పేరుతో ఒక పాత క్లాక్ ఫైలు ఉంది. టూల్ దాన్నే తీసుకుంది. ఫైలు దొరికింది కనుక ఎర్రర్ రాలేదు.

ఆమె ఆ దారిని పూర్తిగా రాసి ఉండాల్సింది, నిజమే. ఆ సాకుతోనే ఎవరికీ చెప్పకుండా ఏడాది గడిపాను. ఎవరి తప్పు ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రమ్మన్నప్పుడు నాలుగడుగులు వేయకపోవడం మాత్రం పూర్తిగా నాదే.

మొన్న ఆమెకు ఫోన్ చేసి చెప్పాను.

"గప్పుడే ఎందుకు చెప్పలే సార్?"

"ఎట్ల చెప్పాల్నో తెలువలేదమ్మా."

"నాకు చెప్తే ఏమొస్తది? నా స్క్రిప్టు సంగతి నాకెరికే. కొత్త కంపెనీవాళ్లు అడిగితే మీ ఆఫీసోళ్లు ఇంకా పాత మాటే చెప్తున్నరట. గా ఆఫీసోళ్లకు చెప్పున్రి."

ఆ పాత మెయిల్ తీసి, అది అందుకున్న ఐదుగురికీ ఇదంతా రాశాను. ఈసారి ఆమె ఫోల్డర్‌లోనే టూల్ తెరిచి స్క్రిప్టు నడిపాను. ఒక్క తప్పూ లేని ఆ రిపోర్టును కూడా జతచేశాను.