సీనియారిటీ ప్రకారం శాలువా

మా పట్టణంలో వారసత్వ, సాంస్కృతిక, పౌర పురస్కారాల కమిటీ అని ఒకటుంది. పేరు పొడుగు, గది ఇరుకు. మున్సిపల్ ఆఫీసు మేడమీద, పాత ఫ్లెక్సీలు చుట్టలు చుట్టి పడేసిన గదిలో నెలకోసారి కూర్చుంటాం. దానికి నేను కార్యదర్శిని. ఆ పదవి నాకు ప్రతిభ వల్ల రాలేదు, నోటిదురుసు వల్ల వచ్చింది. మొదటి ఏడాది పురస్కారాలన్నీ ఎవరి మనుషులు ఎక్కువ గొడవ చేస్తే వాళ్ళకే ఇచ్చారని సభ మధ్యలో లేచి అరిచాను. అధ్యక్షుడు సాంతం విని, "గంత తెలిసినోనివైతే నువ్వే జెయ్యరాదు ఆంధ్ర సారూ" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అవి నా అరుపుకనుకుని కూర్చున్నాను. కాదు, నా నియామకానికట.

అధ్యక్షుడు ఇక్కడి పాత రైతు. పాశమైలారం వైపు భూములు ఫ్యాక్టరీలకు పోగా మిగిలిన చెక్కలో ఇప్పటికీ పంతానికి వరి వేస్తారు. నన్ను ఎప్పుడూ "ఆంధ్ర సార్" అనే పిలుస్తారు. అందులో వెటకారం ఏమీ ఉండదు. పొడుగ్గా ఉన్నవాణ్ణి పొడుగు సార్ అన్నట్టే అంటారు. నాకే ప్రతిసారీ చెప్పులో రాయి గుచ్చుకున్నట్టుంటుంది.

కృష్ణ ఒడ్డు నుంచి ఇక్కడి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి ఒక ట్రంకు పెట్టెతో వచ్చినవాణ్ణి. పెళ్ళయింది ఇక్కడ, కూతురు పుట్టింది ఇక్కడ, జుట్టు ఊడింది ఇక్కడ, రిటైరైందీ ఇక్కడే. అయినా కొత్తగా పరిచయమైన ప్రతివాడూ "సారూ, మీదే ఊరు?" అంటాడు. "ఇదే" అంటే నవ్వి, "గది గాదు సారూ, అసలు ఊరు?" అంటాడు. పోనీ అసలు ఊరికి వెళ్తే, "హైదరాబాదు నుంచి ఎప్పుడొచ్చారండీ? యాస మారిపోయిందే!" అని అక్కడివాళ్ళు నవ్వుతారు. బస్సు ఎక్కినచోటా దిగినచోటా నేను చుట్టాన్నే.

అందుకే మా పురస్కార పత్రం మీద మాట నన్ను పట్టుకుంది. "ఈ పట్టణ ముద్దుబిడ్డ" అని బంగారు రంగులో అచ్చేస్తారు. రక్తపోటు మాత్ర వేసుకుంటూ, మోకాళ్ళకు తైలం రాసుకుంటూ, నేను ముద్దుబిడ్డ కావాలని తపించిపోయాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ కాగితం నాకు చాలా కావాలి. హాల్లో గోడమీద దానికి చోటు కూడా చూసి పెట్టుకున్నాను. అక్కడ వేలాడుతున్న క్యాలెండరును పక్కకు జరిపితే, మా ఆవిడ మళ్ళీ మొదటి చోటికి జరిపింది.

వారసత్వ విభాగంలో నా ప్రతాపం ముందు చెప్పాలి, లేకపోతే నన్ను ఎవరూ గుర్తించలేదన్న బాధకు అర్థం ఉండదు. బస్టాపు వెనక ఒక పాత మెట్లబావి ఉంది. చెత్త తీయించి, దాని చరిత్ర చెప్పే బోర్డు రాసే బాధ్యత నేను తీసుకున్నాను. కర్మాగారం పత్రికలో కవితలు రాసినవాణ్ణి, ఊరుకుంటానా? "కాలగర్భంలో కరిగిపోయిన కమనీయ కళాఖండమా" అని సంబోధనతో మొదలుపెట్టాను. బావి ఎవరు తవ్వించారన్న సంగతికి వచ్చేసరికి బోర్డు అయిపోయింది. పెయింటరు మిగిలింది బోర్డు వెనక వైపు రాశాడు. ఆ వెనక వైపు ప్రహరీగోడకు ఆనుకుని ఉంది కాబట్టి, బావి తవ్వించిందెవరో ఇప్పటికీ గోడకు మాత్రమే తెలుసు.

ఇక పురస్కారాలు. పనిమంతుడెవరో తేల్చడం కష్టం, ముందు పుట్టినవాడెవరో తేల్చడం తేలిక. మా కర్మాగారంలో ప్రమోషనైనా, క్వార్టరైనా, పిక్నిక్ బస్సులో కిటికీ పక్క సీటైనా సీనియారిటీ ప్రకారమే. అదే పద్ధతి కమిటీలో పెట్టాను. పట్టణానికి ఏదో ఒక రకంగా పనికొచ్చిన పెద్దల పేర్లు వయసు వరసలో రాసి, పైనుంచి మొదలుపెట్టి ఇచ్చుకుంటూ పోదామన్నాను. గొడవుండదు, పైరవీ ఉండదు. వరసలో కింద ఎక్కడో నా పేరు కూడా ఉందన్న సంగతి నేను నొక్కి చెప్పలేదు. రిటైర్డు హెడ్‌మిస్ట్రెసు ఒకావిడ మా సభ్యురాలు. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన ఇక్కడి ఆడపడుచు. ఆమె కళ్ళద్దాల మీంచి చూసి, "కమిటీ మెంబర్లు తీసుకోవద్దని రూలేమన్న ఉన్నదా సార్?" అంది. లేదన్నాను. రూల్సు రాసింది నేనే.

ఈ వరస ప్రకారం మొదటి శాలువా ఉగాది నాడు కిరాయి సైకిళ్ళ తాతకు కప్పాం. బస్సులు సరిగా లేని రోజుల్లో సగం ఫ్యాక్టరీలు ఆయన సైకిళ్ళ మీదే షిఫ్టుకు వెళ్ళేవి. శాలువా కప్పుతుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి. బోనాలు కాకముందే ఆయన పోయాడు. పెద్దాయన, నిండు జీవితం అనుకున్నాం. మరుసటి ఏడాది ఫ్యాక్టరీ గేటు ముందు మిర్చీ బజ్జీలు వేసి షిఫ్టులకు షిఫ్టుల్ని బతికించిన అవ్వకు ఇచ్చాం. ఆమె దసరా చూడలేదు. ఆ తర్వాతి ఏడాది చిందు భాగవతం ఆడిన కళాకారుడికి ఇచ్చాం. ఆయన మెమెంటో ఇంటికి తీసుకెళ్ళి, జ్వరం తెచ్చుకుని, మళ్ళీ లేవలేదు.

ఊళ్ళో అందరికంటే ముసలివాళ్ళను ఏరి ఏరి సన్మానిస్తే ఏమవుతుందో ఎల్కేజీ పిల్లలకైనా తెలుస్తుంది. జీవితమంతా నాణ్యతా విభాగంలో గడిపిన నాకు తట్టలేదు. జనం మాత్రం లెక్క తేల్చేశారు. "శాలువా కప్పిచ్చుకున్నోళ్లు దసరా సూడరు" అన్న మాట కూరగాయల బండ్ల దగ్గర పుట్టి కొల్లూరు సర్కారు డబుల్ బెడ్‌రూముల దాకా పాకింది. నేను మెయిన్‌రోడ్డు మీద నడుస్తుంటే ముసలివాళ్ళు అరుగుల మీంచి లేచి లోపలికి పోవడం మొదలుపెట్టారు.

ఈ ఏడాది వరసలో పైనున్నది ఒక మాజీ పట్వారీ, అంటే కరణం. హెడ్‌మిస్ట్రెసూ నేనూ కబురు చెప్పడానికి వెళ్ళాం. ఆయన కొడుకు గేటు తీయకుండానే, "మా నాయిన ఊళ్లె లేడు. కొల్లూరుల అక్కింటికి పోయిండు" అన్నాడు. పైన డాబా మీద నుంచి చుట్ట పొగ లేస్తోంది. ఇద్దరం పొగ వంక చూశాం. కొడుకూ చూశాడు. ఇక దాచడం దండగనుకుని చేతులు జోడించాడు.

"ఆయన నిమ్మలంగ ఉన్నడు సార్. ఆయన జోలికి రాకుండ్రి. మీకు కప్పుడే కావాలంటే కాలనీల ఆంధ్రోళ్లు మస్తుమంది ఉన్నరు, గాళ్లకు కప్పుండ్రి."

అన్నాక నా మొహం చూసి నాలిక కరుచుకున్నాడు. "మిమ్మల్ని అంటలేను సార్, ఫీల్ గావద్దు."

హెడ్‌మిస్ట్రెస్ దారిపొడుగునా నన్ను ఓదారుస్తూనే ఉంది. ఆవిడ అనుకున్నంత బాధ నాకు లేదు. బాధపడే తీరిక లేదు, నా బుర్ర వేరే పనిలో ఉంది. మా కర్మాగారంలో ప్రమోషన్ వద్దనుకున్నవాడు వద్దని రాసిచ్చేవాడు. అప్పుడు ఆ కుర్చీ తర్వాతివాడికి వచ్చేది. పట్వారీ వద్దంటే నా పేరు ఒక మెట్టు పైకి వచ్చినట్టే కదా!

అక్కణ్ణుంచి నేను ఇంటింటికీ తిరిగాను. పైకి మొహం వేలాడదీసుకుని, "వద్దంటారా? అయ్యో! అయితే ఇక్కడొక సంతకం చేయండి" అనేవాణ్ణి. ఒకావిడ నన్ను చూడగానే దేవుడి గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. ఒకాయన తన అసలు వయసు తక్కువేనని ఆధార్ కార్డు తెచ్చి చూపించాడు. ఒకాయన నన్ను తిట్టాడు, ఆ తిట్టు ఇక్కడ రాయలేను. ప్రతి సంతకానికీ లోపల్లోపల నాకు పండగ. దసరా చూడరన్న ఆ మాట నేను నమ్మలేదా? నమ్మలేదు. మాది గట్టి ఆయుష్షున్న వంశం. పైగా శాలువా నన్ను చంపాలన్నా దానికి నేను ఈ ఊరివాణ్ణని ముందు తెలియాలిగా!

ఆఖరికి వరసలో నా పేరు పైకి తేలింది. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె చపాతీ పిండి చేత్తోనే నిలబడిపోయింది. "ఇంకెవరూ దొరకలేదా ఆ శాలువాకి?" అంది. మూఢనమ్మకాలు తగవని నేను చిన్న ఉపన్యాసమిచ్చాను. ఆమె వినలేదు. మర్నాడు పొద్దున పాలు పోసే అవ్వతో గుమ్మంలో చాలాసేపు గుసగుసలాడింది. నేను కృతజ్ఞతా ప్రసంగం రాసుకునే పనిలో ఉండి పట్టించుకోలేదు.

కమిటీ సమావేశం రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. అధ్యక్షుడు, హెడ్‌మిస్ట్రెస్, మిగతా సభ్యులు వచ్చారు. అజెండా చదవబోతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పాలు పోసే అవ్వ, ఆమె వెనక కిరాణా సేటు, ఆ వెనక మా గల్లీ గల్లీ అంతా. అభినందించడానికొచ్చారు! నేను లేచి నిలబడ్డాను. "నాదేముందండీ, అంతా మీ అభిమానం" అన్న మాటలు నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను.

అవ్వ నా వంక చూడనేలేదు. నేరుగా అధ్యక్షుడి ముందుకెళ్ళింది. "పటేలా, మా సారుకు కప్పొద్దు. కప్పితే మంచిగుండది, చెప్తున్న" అంది.

"మంచి మనిషి. బాకీ పెట్టడు, లొల్లి పెట్టడు. ఎందుకు సంపుతరు?" అన్నాడు కిరాణా సేటు.

ఎన్నేళ్ళో కాచుకుని, ఎందరి సంతకాలో పోగేసి, గుమ్మం దాకా తెచ్చుకున్న శాలువా నా కళ్ళముందే వెళ్ళిపోతోంది. ఒళ్ళు మండింది. బల్ల గుద్దాను.

"ఏవిటండీ ఈ చాదస్తం! అవన్నీ ఈ ఊరివాళ్ళ సంగతి. నేను ఈ ఊరివాణ్ణి కాదుగా! నాకేమవుతుంది? బయటివాణ్ణి నేను, ఆంధ్రావాణ్ణి! నాకు ఇచ్చేయండి!"

నేను ఏమన్నానో నా చెవులతో నేనే విన్నాను. జన్మంతా ఎవరు అన్నా గుచ్చుకున్న మాటను, ఒక శాలువా కోసం నేనే గొంతు చించుకుని అన్నాను.

అవ్వ మొహం చిన్నబోయింది. "గట్లెట్లంటవ్ సారూ? నీ బిడ్డ ఈడ పుట్టె. మీ ఇంటామె మాతోని బతుకమ్మ ఆడె. మీ తల్లిని మన వాగొడ్డుకే కాలబెడితిమి. ఇంక ఏ ఊరంటవ్ నువ్వు?"

అధ్యక్షుడు కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టారు. ఆయన గొంతు ఎప్పటిలాగే మోటుగా ఉంది.

"మీ అమ్మ పాడె పట్టినోళ్లల్ల నేనొగణ్ణి. యాదికున్నదా? ఇప్పుడు నీ పాడె గూడ పట్టాల్నా? నా భుజం నొస్తది సారూ, నాతోని గాదు. కూసో."

యాదికుంది. ఆ రోజు ఎండలో ఆయన చెప్పుల్లేకుండా వాగు దాకా నడిచారు. అంత యాది పెట్టుకుని కూడా నేను బంగారు రంగు అచ్చు కాగితం కోసం గోడమీద చోటు వెతుక్కున్నాను. ఏడుపొచ్చింది. ముక్కు చీదుకోవడానికి జేబులో చెయ్యి పెడితే రుమాలు బదులు కృతజ్ఞతా ప్రసంగం వచ్చింది. దాంతోనే చీదుకున్నాను.

"ఇగ రాయుండ్రి సార్, తీర్మానం" అంది హెడ్‌మిస్ట్రెస్. కార్యదర్శిని కాబట్టి నన్ను తిరస్కరించే తీర్మానం కూడా నేనే రాయాలి. ఆమె చెబుతుంటే రాశాను: కార్యదర్శి మన ఊరి మనిషి అయినందున ఈ పురస్కారానికి అనర్హుడని కమిటీ నిర్ణయించడమైనది.

చదివి వినిపించాను. అధ్యక్షుడు సరేనన్నట్టు తల ఊపి, ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తమన్నారు. సభ్యులంతా ఎత్తారు. ఓటు లేకపోయినా గోడవార నిలబడ్డ అవ్వ ఎత్తింది, సేటు ఎత్తాడు, గల్లీ మొత్తం ఎత్తింది. అందరూ నా వంక చూశారు.

నేనూ చెయ్యెత్తాను.